వాలు మడి, రెండు బక్కెట్ల వేడినీళ్ళు

వెండెలీన్ హ్రబ్‌చాక్ అను నేను, యారబోవ్‌త్సే బడిలో ముప్పై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి, వయసు డెబ్బై రెండు. నా మతి స్థిమితంగా ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా స్వహస్తంతో రాస్తున్నాను. నా భార్య ఒటీలియా గత మార్చిలో పోయింది. మాకు సంతానం లేదు. క్లబ్బు ఉంది.

1. ఇంటి వెనక బంగాళాదుంపల మడి యావత్తూ మా ఊరి మహిళల ఐస్ హాకీ క్లబ్బుకు సర్వహక్కులతో చెందాలి. నేను రాయకపోతే చట్టప్రకారం అది మా అన్న ఇమ్రిఖ్‌ది. ఆయన దాన్ని చదును చేసి కార్లు నిలపాలంటున్నాడు. 1989లో ఊరి మంచు మైదానం ఆడవాళ్ళకు ఇవ్వనన్న హాకీ సంఘం అధ్యక్షుడూ ఆయనే.

"మీ బంగాళాదుంపల మడిలో ఆడుకోండమ్మా," అన్నాడు.

"అలాగే బావగారూ. వేడినీళ్ళు మాత్రం మీరే మోయాలి," అంది ఒటీలియా.

వేడినీళ్ళు పోస్తే మంచు నునుపుగా గడ్డకడుతుంది. ఆయన మోయలేదు. ఏడుగురు ఆడవాళ్ళూ నేనూ మోశాం.

2. మడిని ఎవరూ, ఎన్నటికీ చదును చేయరాదు. అది తూర్పుకు జానెడు వాలు. నీళ్ళు తమంతట తామే చదునవుతాయని నేనే చెప్పాను. ఆ చలికి అవి పారకముందే గడ్డకట్టాయి. హాకీ బిళ్ళ ఎప్పుడూ తూర్పు గోలుకే జారేది.

"మాస్టారూ, ఈ పాఠం పిల్లలకు చెప్పకండి," అని ఒటీలియా ఆ గోలులో తానే నిలబడింది. పద్నాలుగేళ్ళు నిలబడింది. 2003 లీగ్ ఫైనల్లో, చదునైన మంచు మీద, అయిదు పెనాల్టీలకు అయిదూ ఆపింది. ఇమ్రిఖ్ వెక్కిరించిన బంగాళాదుంప ఆ రోజు మా జట్టు చొక్కాల మీద ఎర్రదారంతో కుట్టి ఉంది.

3. కప్పు క్లబ్బుది. ఆమె ఎడమచేతి తొడుగు ఇప్పటి గోల్‌కీపరు రాద్కాకు. బొటనవేలి దగ్గర ఒటీలియా వేసిన కుట్టుంది. విప్పవద్దు.

4. రాద్కా ఇమ్రిఖ్ మనవరాలు. మొన్న శనివారం కంచె పట్టుకుని, "బిళ్ళ మీద కన్నుంచవే, నా తల్లీ," అని గొంతు పోయేలా అరిచినవాడు ఆయనే. అందువల్ల ఆయనకు రెండు బక్కెట్లు ఇస్తున్నాను. నా తరువాత వచ్చే చలికాలం తొలి నీళ్ళు ఆయన మోయాలి, రాద్కా పోయాలి. ఆలస్యమైందని ఒటీలియా ఏమీ అనుకోదు.

యారబోవ్‌త్సే, 2 ఫిబ్రవరి 2026.

(సంతకం) వెండెలీన్ హ్రబ్‌చాక్

సాక్షులు:
బ్రిగిటా హుడాకోవా, ఊరి గ్రంథాలయాధికారి.
కోర్నెల్ షిమో, రెఫరీ. నాటి ఫైనల్లో అయిదో పెనాల్టీ బిళ్ళ గోలు గీత దాటలేదని తేల్చినవాడు.