బానెట్ మీది చుక్కలు

లిపా,
1988 జూన్ 17.

అన్నయ్య రుఫోకి,

చెల్లెలు లిగాయా నమస్కారాలు. వదిననీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఇక్కడ నాన్నా నేనూ కులాసాగానే ఉన్నాం, నీ ఉత్తరం వచ్చిన పూట తప్ప. సముద్రం అవతల మీరందరూ బాగున్నారని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతికొస్తాను.

నీ జీప్నీ బండికి నేను కొట్టిన లాకర్ పూత పనికిమాలినదని రాశావు. మూడు నెలలైనా తిరక్కుండా బానెట్ నిండా తుప్పు చుక్కలు లేచాయనీ, కలపాన్ రేవులో తోటి డ్రైవర్లు నీ జీప్నీకి తట్టు పోసిందా అని నవ్వుతున్నారనీ, అందుకని బానెట్ మొత్తం ఎర్ర రంగు కొట్టించేస్తాననీ రాశావు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నాన్న తన చేత్తో సాగగొట్టిన రేకు మీద ఎర్ర రంగా? తుప్పు పట్టని స్టీలు రేకు తెస్తామన్నా ఒప్పుకోక, మామూలు రేకునే కొట్టి కొట్టి అద్దం చేశాడు మనిషి. రంగు తప్పులు కప్పెట్టడానికే గానీ తప్పులేని రేకుకి రంగెందుకురా అని నీతో ఎన్నిసార్లు అనలేదు? అలాంటి రేకు కనబడాలనే కదా దాని మీద రంగులేని క్లియర్ లాకర్ కొట్టింది.

నీ ఉత్తరం నాన్నకి నేనే చదివి వినిపించాను. కళ్ళజోడు విరిగిందట, ఈమధ్య అన్నీ నేనే చదవాలి. బాగు చేయించుకో నాన్నా అంటే, లోకంలో చదవదగ్గదేం మిగిలిందే అంటాడు. ఎర్ర రంగు దగ్గరికొచ్చేసరికి కాఫీ కప్పు పక్కన పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి షెడ్డులో అడుగుపెట్టలేదు. నన్ను తిట్టడం మాత్రం మానలేదు. నీ చేతిపని తిన్నగా ఉంటే నా రేకుకి తుప్పెందుకు పడుతుందే అని ఆ సగం తెగిన వేలు నాకేసి ఊపుతాడు. ఉన్నచోటే ఉన్న సుత్తిని ఎక్కడ దాచావే అంటాడు. కాఫీ బల్ల మీద ఒలకబోసి, కప్పు నువ్వే జరిపావంటాడు. ఇంట్లో ఆయన, అక్కడ నువ్వు. మీ ఇద్దరూ కలిసి నా ప్రాణం తోడేస్తున్నారు.

నా పని నీకు తెలియనిదా అన్నయ్యా? గరుకు కాగితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచాక ఆ రేకుని ఎవరూ వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చెమటలో ఉప్పుంటుంది. ముట్టుకున్నప్పుడు ఏమీ కనబడదు, పైన లాకర్ కొడితే మెరుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిగా లోపల్నుంచి తుప్పు లేస్తుంది. అందుకే నేను గ్లవుజులు తీయను, అందుకే షెడ్డు గుమ్మానికి తాడు కడతాను, అందుకే మీరంతా నన్ను చాదస్తురాలంటారు. నువ్వు పంపిన ఫోటో చూశాను. లాకర్ ఎక్కడా పొర లేవలేదు. చుక్కలు దాని అడుగున ఉన్నాయి. అంటే నేను లాకర్ కొట్టకముందే ఆ రేకు మీద ఏదో పడింది.

ఏం పడిందో చెప్పనా? ఆ రోజు నేను రేకు తుడిచి, లాకర్ కలపడానికి వెనక గదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తాడు విప్పేసి ఉంది. లోపల ఫాదర్ హసింతో పవిత్ర జలం సీసాకి మూత పెడుతున్నారు. నువ్వేమో వాకిట్లో కూర్చుని పాన్సిట్ తింటున్నావు. బండిని దీవించడానికి ఫాదర్‌ని ఎవరైనా లాకర్ ఆరాక పిలుస్తారు. నువ్వు లాకర్ కొట్టకముందే పిలిచావు. ఆ నీళ్ళలో ఉప్పు కలుపుతారని బడిపిల్లలకి కూడా తెలుసు. దీవెన చుక్కలు చుక్కలుగా పడింది, ఇప్పుడు చుక్కలు చుక్కలుగానే తుప్పు లేచింది. తెచ్చిపెట్టింది నువ్వు, పేరు పోయింది నాది.

కాబట్టి బండిని ఓడ ఎక్కించి తీసుకురా. లాకరంతా గీకేసి మళ్ళీ కొడతాను. ఈలోగా ఆ ఎర్ర డబ్బా మూత తీశావంటే నీకూ నాకూ మాటల్లేవు.

ఇట్లు
నీ చాదస్తపు చెల్లెలు
లిగాయా

తా.క. ఉత్తరం అంటించలేదు. ఈ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ హసింతోని నిలదీశాను. ఆయన నొచ్చుకోలేదు, నవ్వారు. బానెట్ మీద చుక్క నీళ్ళు కూడా పడలేదమ్మా, సీటు మీదా చక్రాల మీదా చల్లి ఊరుకున్నాను అన్నారు. ఎందుకని అడిగితే, మీ నాన్న బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు, కళ్ళు మూసుకుని రెండు చేతులూ రేకు మీద ఆనించి మెల్లగా జరుపుతున్నాడు, ప్రార్థన చేస్తున్నాడేమో, కదిలించడం ఎందుకులే అనుకున్నాను అన్నారు.

ఇంటికొచ్చి నీ ఫోటో మళ్ళీ చూశాను, ఈసారి భూతద్దం పెట్టి. అవి నీటి చుక్కలు కావు. అతుకు పొడుగునా, సుత్తి దెబ్బ పడిన చోటల్లా, నాలుగేసి వేళ్ళ కొనల గుర్తులు. ఒక చేతి నాలుగింట్లో ఒకటి ప్రతిచోటా పొట్టిగా ఉంది.

ఆ ఫోటో తలకిందులుగా నాన్న చేతికిచ్చాను. కాసేపు అటే చూసి, బాగానే మెరుస్తోందే, తుప్పెక్కడుంది, వాడికి మొదట్నుంచీ లేనిపోని అనుమానాలే అన్నాడు. ఆ కళ్ళజోడు కూడా దొరికింది, ఆయన దిండు కింద. అది విరగలేదు. పెట్టుకున్నా లాభం లేక దాచాడు. కప్పూ సుత్తీ ఎందుకు కనబడలేదో ఇప్పటికి తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని ఆయనతో కీచులాడుతూ ఉన్నాను. ఏడుపొచ్చింది అన్నయ్యా.

కంటి డాక్టరు పేరెత్తితే గడప దాటడు. అందుకని నువ్వు తప్పకుండా రా. నాతో పోట్లాడటానికే వచ్చానని చెప్పు. నా లాకర్ చచ్చు సరుకని ఆయన వినేలా తిట్టు. మంచిది మనీలాలోనే దొరుకుతుంది, నువ్వొచ్చి ఎంచితేనే కొంటాను నాన్నా అను. ఆ మాటకి తప్పకుండా బయల్దేరతాడు. డాక్టరు సంగతి అక్కడికెళ్ళాక చూసుకుందాం.

బానెట్ జోలికి వెళ్ళకు, రంగూ వద్దు, గీకడమూ వద్దు. నువ్వెంత తిట్టినా ఈసారి నేను ఎదురు చెప్పను.