బడి జాగాలో మడిగెలు

విద్యాశాఖ అధికారి గారికి,

మా వాడ బడికి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌ను నేనే. బడి ముందరి ఆటస్థలంలో దుకాణాల కోసం ఆరు మడిగెలు కట్టి కిరాయికి ఇవ్వాలని మీకొక తీర్మానం వచ్చింది. దాని కింది సంతకం నాదే. తీర్మానం మాత్రం నేను చదవలేదు.

నేను సాంచాల మీద బట్ట నేస్తాను. పని విడిచి మీటింగుకు రాలేనని హెడ్మాస్టరు తీర్మానాల రిజిస్టరును కార్ఖానాకే పంపేవారు. ఖాళీ పేజీలో సంతకం పెట్టి ఇచ్చేదాన్ని, సంగతి తర్వాత రాసుకునేవారు. రెండేళ్లుగా సున్నం, చీపుర్లు కొనడమే రాశారు కాబట్టి నాకు అనుమానం రాలేదు.

హెడ్మాస్టరును అడిగితే, "కౌన్సిలర్ సాబ్ రాయమన్నడమ్మా, నేనేం జెయ్యాలె?" అన్నారు. మా పక్కింటి అనసూర్య నల్లా దగ్గర అందరూ వినేటట్టు, "నీ వంతుకెన్ని మడిగెలొచ్చినయ్ వదినా?" అన్నది. ఆమె బిడ్డ ఆ జాగాలోనే ఖోఖో ఆడుతుంది. నేను బిందె ఎత్తుకొని వచ్చేశాను.

తప్పు నాదే. మీటింగు పెడితే అందరి ముందు ఒప్పుకుంటాను. తీర్మానాన్ని మాత్రం ఆపండి.

సోమవారం పునాది తవ్వుతారట. ఆ రోజు సాంచాలు బంద్ పెట్టి అక్కడ అడ్డం కూర్చుంటాను. అంతకుముందే మీ కాగితం వస్తే పనికి పోతాను.