జోడీ దొరకని తెర

మెదక్,
30 అక్టోబరు 2011.

లిడియా మేడం గారికి,

రఘుపతి నమస్కారాలు. నర్సాపూర్‌లో మీరూ, ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇరవై రెండేళ్ల తర్వాత ఈ లెక్కల మాస్టారికి ఇప్పుడు గుర్తొచ్చానా అని నవ్వుకుంటారేమో. నవ్వుకోండి.

వచ్చే ఆదివారం మన బడి స్వర్ణోత్సవం. ఒకప్పటి మన విద్యార్థి అమరేందరే ఇప్పుడు హెడ్మాస్టరు. సకల జనుల సమ్మెకు ముందే నన్ను పట్టుకున్నాడు. నాకు సన్మానమట. స్టేజీ మీద మన పాత కంప్యూటర్‌ను నడిపించాలట. ‘మీరు చేసిన తెలుగు అక్షరాల ప్రోగ్రాం పోరగాళ్లకు సూపియ్యాలె సార్, లేకుంటే నేను ఊకోను’ అని కూర్చున్నాడు.

గుర్తుందిగా, కీబోర్డులోనే అంతా ఉండి, పక్కన టేపురికార్డరు పెట్టుకుంటేగానీ పనిచేయని ఆ యంత్రం? అది ఇంకా బతికే ఉంది మేడం! దానికి తగిలించే టీవీయే పోయింది. కొత్త మానిటర్లు దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. ల్యాబ్‌లోది పెడితే ‘సిగ్నల్ లేదు’ అని రాసి నల్లబడింది. మా కోడలి పల్చటి టీవీలో గీతలు పరుగెత్తాయి. పాతదాని సిగ్నల్ నెమ్మదిగా వస్తుందట, కొత్త తెరలకు ఆ నెమ్మది అందదట. టీవీలు బాగుచేసే గులాం మొహియుద్దీన్ మాత్రం ‘పరేషాన్ గాకుండ్రి సార్, దీనికి జోడీ దొరుకుతది’ అంటూనే ఉన్నాడు.

ఊరంతా నాకు సాయం చేయడానికే పుట్టినట్టుంది. పాపన్నపేట నుంచి ఒకరు, కుల్చారం నుంచి ఒకరు మానిటర్లు మోసుకొచ్చారు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. నన్ను మధ్యలో నిలబెట్టి చుట్టూ గోడ కడుతున్నట్టుంది. ఊపిరాడటం లేదు.

చివరికి ఏదీ కుదరలేదు. ఆ రోజు కంప్యూటర్ ప్రోగ్రాం ఉండదు. పాత టీచర్లందరికీ రాయమని అమరేందర్ అన్నాడు గనుక రాస్తున్నాను, అంతే. మీరు శ్రమపడి రానక్కర్లేదు.

ఇట్లు,
మీతో పాటు పనిచేసిన
రఘుపతి

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. పైన రాసింది అబద్ధం. మానిటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తగిలించే చిన్న డబ్బా ఒకటి మొహియుద్దీన్ హైదరాబాద్ నుంచి తెప్పించాడు. సమ్మెలో బస్సులు ఆగినన్నాళ్లూ అది రాదులే అని నేను బతికిపోయాను. మొన్న గురువారం వచ్చేసింది. తెర వెలిగింది.

తలుపేసుకుని బడి బీరువాలోని అసలు టేపు పెట్టాను. కీచుకీచుమని అరిచి, ‘అ’ రాకముందే, మీరు గ్రాఫు కాగితాల మీద చుక్కచుక్కా పెట్టి గీసిన ఆ అక్షరాల్లోనే ‘తయారుచేసినది లిడియా’ అని వచ్చింది. సంగారెడ్డి సైన్స్ ఫెయిర్‌కు తీసుకుపోయిన కాపీలో ఆ వరస తీసేసింది నేనే. షీల్డు పుచ్చుకున్నదీ నేనే. మీరు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ ప్రోగ్రాంలో నేను చేసిన పనల్లా మీ పేరు చెరపడమే.

ఇప్పుడూ చెరపగలను. మూడు రోజులుగా కీ మీద వేలు పెట్టి తీస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను మేడం. ఆదివారం రండి. స్టేజీ మీద టేపు మీరే నొక్కండి, నేను కింద పిల్లలతో కూర్చుంటాను. మీరు రాకపోయినా ఆ పేరు అలాగే వస్తుంది. అమరేందర్‌కు ఇంకా చెప్పలేదు, ముందు మీకు చెప్పాలనిపించింది.

నర్సాపూర్ బస్సులు తిరుగుతున్నాయి.