మెట్ల మీద మోకరించిన నకవుకి

మసాకా,
ఆదివారం

పని మీద జూబాలో ఉన్న మా ఇంటాయనకి, మీ భార్య నల్వద్ద మోకరిల్లి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు నకవుకి కూడా కులాసా. అక్కడి ఎండ మిమ్మల్ని మరీ మాడ్చడం లేదనీ, జ్వరం తిరగబెట్టలేదనీ అనుకుంటున్నాను.

ఫోన్లో మీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. "ఊఁ, బాగున్నాం" అని పెట్టేస్తాను. అందుకే బస్సు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చదివింది ఐదో తరగతే, తప్పులుంటే నవ్వకండి.

మీరడిగిన వాటికి ముందు జవాబు. వంటింటి రేకు మార్పించాను. అరటితోటకి పురుగు పట్టలేదు, మొన్న రెండు గెలలు దించాం. ఇక నకవుకి పని సంగతి. అది పెద్దది, నెమ్మదిగా చెబుతాను.

బబిర్యే టీచరు దగ్గర తొమ్మిది నెలలు నేర్చుకుంది కదా. దుప్పటి మడత పెట్టడాన్ని ఏడు బొమ్మలుగా గీసి గోడకి అంటించారు. ఒక్కో బొమ్మకి ఒక్కో అడుగు. అడుగు సరిగా పడగానే చేతిలో ఒక వేయించిన వేరుశనగ పలుకు. పోనుపోను పలుకులు తగ్గించి "శభాష్" ఒక్కటే మిగిల్చారు. ఆటిజం ఉన్న పిల్లలకి పని ఇలా ముక్కలు చేసి నేర్పితే అబ్బుతుందట. ఇప్పుడు నకవుకి మడిచిన దుప్పటి పలకలా ఉంటుంది. ఊళ్ళో ఒక గెస్ట్‌హౌస్‌లో మూడు వారాలు పరీక్షగా పెట్టుకున్నారు. నచ్చితే పని ఖాయం.

మొదటి వారం గదిలో ఒక్కతే మడతలు పెట్టేది, బాగానే గడిచింది. రెండో వారం దుప్పట్లు పై గదులకి మోయమన్నారు. మెట్ల మీద ఎవరెదురైనా మన ఆడవాళ్ల పద్ధతిలో దుప్పట్లతో సహా మోకరిల్లి, "పగలెలా గడిచిందండీ?" అంటుంది. అవతలివాళ్లు బదులు చెప్పి, తిరిగి దాన్ని అడిగి, అంతా ముగించేదాకా లేవదు. మనవాళ్లయితే ముగిస్తారు. కెన్యా నుంచి వచ్చిన వ్యాపారికేం తెలుసు? తలూపి పోయాడు. మీ చెల్లెలు అరగంట అక్కడే. దిగుతున్న ముసలాయనొకడు దాన్ని తట్టుకుని పడబోయాడు.

యజమానురాలు నన్ను పిలిపించింది. కవలల తల్లి గనక అందరూ ఆవిడని నలోంగో అంటారు. "మర్యాద మంచిదే తల్లీ. కానీ ఇది మర్యాదా, మెట్లకి అడ్డంగా వేసిన బస్తానా? వచ్చే శుక్రవారంలోగా మానకపోతే నేను ఉంచుకోలేను" అంది.

బబిర్యే టీచరు తల పట్టుకుంది. "మేం నేర్పలేదు. ఎవరో ప్రతిసారీ ఏదో చేతిలో పెట్టి మరీ నేర్పారు. ఎవరమ్మా?"

"ఏమో టీచర్" అని నేల చూపులు చూశాను.

నేనేనండీ.

ఆ మధ్య ఒక పెళ్లింట్లో మీ మేనత్త నలుగురిలో అన్న మాట మీకు చెప్పలేదు. "ఆ పిల్ల స్తంభంలా నిలబడిందేమే! అన్న ఊళ్ళో లేకపోతే వదినకి నోరు పడిపోయిందా, వంగమని చెప్పడానికి?" మన ఆచారంలో మేనకోడలికి మర్యాద నేర్పాల్సింది మేనత్తే అని ఆవిడతో నేను అనగలనా? ఇంటికొచ్చి టీచరు పద్ధతిలోనే మొదలుపెట్టాను. మోకాలు వంచితే ఒక పలుకు, మాట అంటే ఒక పలుకు. పదిహేను రోజుల్లో వచ్చేసింది. అక్కడితో ఆపాల్సింది.

ఆపలేదు. మీరు వెళ్లి పదకొండు నెలలు. పగలెలా గడిచిందని నన్ను అడిగే మనిషే లేరు. రోజూ సాయంత్రం అది వచ్చి మోకరిల్లి అడిగితే, నేను జవాబు సాగదీసేదాన్ని. నడుం నొప్పి, కుళాయి దగ్గర జగడం, మీరు ఫోన్ చేయలేదన్న బెంగ, అన్నీ. అంతా అయ్యాకే పలుకులు. కదలకుండా వినేది. అర్థమయ్యేదో లేదో నేను చూసుకోలేదు. చివరిదాకా లేవకూడదని అలా నేర్చుకుంది.

మర్నాడు టీచరుకి ఒప్పేసుకున్నాను. తిట్టలేదు. "నేర్పిన చెయ్యే మాన్పించాలి. మోకరిల్లితే చూడకు, పలకకు. నిలబడి తల వంచిందా, వెంటనే మెచ్చుకో" అంది. గెస్ట్‌హౌస్‌లో టీచరు, ఇంట్లో నేను.

మొదటి సాయంత్రం ఇరవైసార్లకి పైగా అడిగింది. నేను పొయ్యివైపు తిరిగి అరటికాయల తొక్క తీస్తూ కూర్చున్నాను. ఏడ్చింది, చెవులు మూసుకుంది, వెనక నుంచి నా బట్ట లాగింది. నేను తిరగలేదు. నాలుగో రోజుకి మూడుసార్లే.

శుక్రవారం నలోంగో మెట్ల కింద నిలబడి చూసింది. మీ చెల్లెలు ఎదురొచ్చిన ఇద్దరికీ తల వంచి, పక్కకి జరిగి, ఆగకుండా పైకెళ్లిపోయింది. "ఇక మా మనిషే" అంది నలోంగో.

మోకరిల్లడం మాన్పించానన్న కబురు మీ మేనత్తకి మీరే చెప్పండి, నాకు భయం.

నిన్న సాయంత్రం అది పని నుంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి చిన్నగా తల వంచింది. "శభాష్" అన్నాను. లోపలికెళ్లి తన బట్టలు మడుచుకుంటూ కూర్చుంది. నిన్న నాకు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయండీ. గడప దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

ఇట్లు,
మీ ఇంటిదీ, మీ చెల్లెలికి వదినా,
నల్వద్ద