చెరువు అడుగున పాత ఏరు

కంభం,
మే నెల, 1957

ప్రియమైన యేసుమణికి,

ప్రభువు చల్లని చూపువల్ల నేనిక్కడ ఆరోగ్యంగా ఉన్నాను. కొనకనమిట్లలో నువ్వూ, నీ కడుపులోని బిడ్డా, అత్తమ్మా క్షేమమని తలుస్తాను. నీ కాళ్ల వాపు తగ్గిందా? బరువు బిందెలు మాత్రం ఎత్తవద్దు.

చెరువు అడుగున ఏం వెతుకుతున్నారని అడిగావు. ఈ చెరువు కట్టకముందు ఇక్కడ ఏరు పారేది. దాని ఒడ్డున ఎవరో ఇళ్లు కట్టుకున్నారు, చనిపోయినవాళ్లకు బండలు నిలబెట్టి సమాధులు చేశారు. కొత్త రాష్ట్రం వచ్చాక సర్కారువారు అదంతా పటం గీయమన్నారు. తెప్ప మీద నుంచి సీసపు గుండు కట్టిన తాడు వదిలి లోతు కొలుస్తాం. గుండు రాతికి తగిలితే నాగులు మునిగి, చేత్తో తడిమి, అది గోడో సమాధో చెబుతాడు. నేను గీస్తాను. నాగులు ఇక్కడి జాలరి, నన్ను అన్నా అంటాడు.

మంగళవారం పాత ఏరు పారిన గాడి మీదికి తెప్పలో పోయాం. అక్కడే లోతెక్కువ. నాగులు నడుముకు తాడు కట్టుకుని మునిగాడు. ఎంతకీ తేలలేదు. లాగితే తాడు రాలేదు, బండల సందులో ఇరుక్కుంది. అంతలో గాలి లేచి తెప్పను పక్కకు కొట్టేసరికి తాడు ఇంకా బిగుసుకుంది. కత్తి పళ్ల మధ్య పట్టుకుని నేనూ దిగాను. బురదలో ఏమీ కనపడలేదు. చేతికి ముందు రాయి తగిలింది, తర్వాత నాగులు జుట్టు. నడుము దగ్గర తాడు కోసి పైకి తెచ్చేసరికి మనిషి నీలిబారి ఉన్నాడు. బోర్లించి వీపు నొక్కితే నీళ్లు కక్కి, "అన్నా, ఒడ్డు యాడ?" అన్నాడు. ఒడ్డున నిలబడిన అతని భార్య సుబ్బులుకు ఏడుపు కూడా రాలేదు.

ఇంతవరకు రాసి ఆగిపోయాను మణీ. అసలు సంగతి చెబుతాను.

మర్నాడు ఈ పటం పని చూసే ఆఫీసరుగారు పిలిచి, "వానలొస్తే చెరువు నిండుతుంది. ఈలోపు ఏటి గాడి పూర్తికావాలి. నాగులును మళ్లీ దింపు" అన్నారు.

"దింపను సార్. సచ్చి బతికినాడు."

"అయితే నీకిక్కడ పని లేదు."

నా వెనక నిలబడిన నాగులు అన్నాడు: "అన్న పట్టని తాడు నేను కట్టుకోను సారూ. పెండ్లాం బిడ్డలుండారు నాకు."

ఉద్యోగం పోయింది. కాన్పు ముందు ఈ మాట నీ చెవిన వేయకూడదనుకున్నాను. దాచి నీ ముఖం చూడలేను. శనివారం బస్సుకు వస్తున్నాను. మార్కాపురంలో రాతపలకలు చేసే పని దొరుకుతుందేమో అడుగుతాను. అత్తమ్మకు నేనే వచ్చి చెప్పుకుంటాను, నువ్వు కంగారుపడకు.

పటం అప్పగించేశాను. గోడలు, సమాధులు, ఏటి ఒడ్డులు అన్నీ గీశాను. నడుమ, నాగులు ఇరుక్కున్న ఏటి గాడి దగ్గర, అరచేయంత చోటు తెల్లగా వదిలేశాను. అక్కడేముందో తెలియదని రాసి సంతకం పెట్టడానికి నాకు సిగ్గనిపించలేదు.

ఇట్లు,
నీ పెనిమిటి
కరుణాకరం