వెయ్యి ముఖాల మధ్య

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. మనిద్దరం కలిసి చూడాలనుకున్న క్యోటోకి ఒక్కదాన్నే వచ్చాను. షికాగో ఎయిర్‌పోర్ట్‌లో దింపుతూ నీ కూతురు, "పిన్నీ, ఒక్కదానివే మేనేజ్ చేస్తావా?" అని పదిసార్లు అడిగింది.

ఈ ఉదయం ఒక పాత గుడిలో అడుగుపెట్టాను. పొడవాటి చెక్క మండపం నిండా మనిషెత్తు బంగారు విగ్రహాలు, వెయ్యి. ఏ రెండు ముఖాలూ ఒకటి కావు. పక్కనున్న జపాను పెద్దావిడ వచ్చీరాని ఇంగ్లీషులో, "వెతకండి. మీరు చూడాలనుకున్నవాళ్ల ముఖం దొరుకుతుంది," అంది.

మూడో వరసలో ఒక ముఖం అచ్చం నీలాగే నవ్వు ఆపుకుంటోంది. దాని ముందే ఆగిపోయాను.

"దొరికారా?" అందావిడ.

తలూపాను. "మీకు?"

"మా ఆయన. అదిగో, చివరి వరసలో. ఫొటోల్లో కూడా ఎప్పుడూ వెనకే నిలబడేవాడు."