ప్రిస్సిల్లా అత్త బావి

లేదు నాన్నా, మా వాగు క్లాసు అమ్మాయిలిద్దరూ కొట్టుకోలేదు. నువ్వు అడగలేదనుకో, అయినా ముందే చెప్తున్నా. ఇక్కడ ట్రుగనీనాలో అమ్మా నేనూ బానే ఉన్నాం. పెర్త్‌లో లారీ డ్యూటీ దిగాక నువ్వు కూడా వేళకి తింటున్నావనుకుంటున్నా.

"పదో తరగతి కూడా గట్టెక్కనోడివి, ఆ వాగు క్లాసు నీకెందుకురా?" అన్నావు పోయినసారి. అక్కడ పుస్తకాల్లేవు నాన్నా. శనివారం శనివారం వాగు నీళ్ళు పరీక్ష చేస్తాం. ఎవరి మురికి ఎవరి వీధికి చేరుతోందో చూస్తాం. నేర్పేది ఇద్దరు యూనివర్సిటీ అమ్మాయిలు. నోవా యూదుల పిల్ల, లమీస్ పాలస్తీనా పిల్ల. వాళ్ళది ఒకటే రూలు. ఎదుటి మనిషి చెప్పింది ముందు మనం తిరిగి చెప్పాలి. వాళ్ళు "అవును, అదే" అన్నాకే మన మాట.

మొన్న లమీస్ వాళ్ళ తాతగారి ఊరి ఊట గురించి చెప్పింది.

"మీకు నీళ్ళు చాలట్లేదు," అని తిరిగి చెప్పింది నోవా.

"చాలకపోవడం కాదు. మమ్మల్ని అక్కడికి పోనివ్వట్లేదు. మళ్ళీ చెప్పు."

నోవా మొహం ఎర్రబడింది. మూడోసారికి గానీ ఆ మాట నోటికి రాలేదు. తర్వాత తనూ చెప్పింది, సరిహద్దు దగ్గర వాళ్ళ పిన్ని పొలం తగలబడిందనీ, పొగ వాసనొస్తే ఆవిడ ఇప్పటికీ వణికిపోతుందనీ.

ఈసారి తిరిగి చెప్పే వంతు లమీస్‌ది. "ఆవిడకి భయం," అంది.

"ఇంకా?"

"ఆ భయం ఉత్తది కాదు."

"అవును, అదే."

ఇద్దరికీ రాజీ ఏం కుదర్లేదు నాన్నా. కానీ ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

అప్పుడు లమీస్ నావైపు తిరిగింది. "ఏతాన్, ఎప్పుడూ ఆ నీళ్ళు కొలిచే మీటరు పట్టుకుని వెనకాల నక్కుతావ్. మీ ఊళ్ళో నీళ్ళ గొడవే లేదా?"

ఇది చెప్పడానికే ఇంతసేపూ టైప్ చేస్తున్నా. కోప్పడకు. మన రొయ్యల చెరువుల ఉప్పు పక్కింటి ప్రిస్సిల్లా అత్త బావిలోకి దిగిందని అందరి ముందూ చెప్పేశా.

"అత్త ఏమంది? ఆవిడ అవునని తలూపేలా చెప్పు," అంది నోవా.

ఊళ్ళో ఉన్నప్పుడు అత్త మన గేటు దగ్గరికి వస్తే నువ్వు టీవీ సౌండు పెంచేవాడివి. రిమోట్ అందించింది నేనే. ఆవిడ ఏమందో మనింట్లో ఒక్కళ్ళకీ తెలీదు.

ఈ ఆదివారం చర్చి అయ్యాక అత్తకి ఫోన్ చేస్తున్నా. నంబరు అమ్మ ఇచ్చింది. నాకు ఇలాంటప్పుడు మాట రాదని నీకు తెలుసు. అయినా చేస్తా. తిట్టినా ఫోన్ పెట్టెయ్యను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్తా, ఆవిడ అవుననేదాకా.

ఇట్లు,
నీ చిన్నోడు ఏతాన్

చెరువులు నీవి కదా నాన్నా. నువ్వూ లైన్లోకి వస్తావా?